‘మీది ఏ పార్టీ?’ అని అడిగే ఊళ్లో అహింసా సంఘాన్ని కట్టడం ఎలా: రాయలసీమ కార్యకర్తలకు ఒక మార్గదర్శి

రాయలసీమ పల్లెల్లో నలుగురిని కూడగట్టి ఒక పని చేద్దామని రచ్చకట్ట దగ్గర కూర్చుంటే, మొదట ఎదురయ్యే ప్రశ్న ఆ పని గురించి కాదు. ‘మీది ఏ పార్టీ?’ అని అడుగుతారు. ఇక్కడ పార్టీ అంటే ఎన్నికల గుర్తు ఉన్న పార్టీ ఒక్కటే కాదు; ఊళ్లో తరాలుగా సాగుతున్న రెండు వర్గాల్లో మీరు ఏ వర్గం మనిషి అని అర్థం. మీరు తాగునీటి కోసం వచ్చామన్నా, కూలి డబ్బుల కోసం వచ్చామన్నా, వినేవాడు ముందు మీ ఇంటిపేరు, మీరు టీ తాగిన హోటలు, మీరు దిగిన ఇల్లు కలిపి ఒక లెక్క కట్టుకుంటాడు. ఆ లెక్కలో మీరు ఒక పక్కకు చేరిపోతే, ఇక మీరు చెప్పేది ఎంత న్యాయమైనదైనా సగం ఊరికి వినపడదు.

అహింసా పోరాటాల గురించి చెప్పే పాఠాలు చాలావరకు ప్రజలు ఒకవైపు, ప్రభుత్వం మరొకవైపు ఉంటాయనుకొని రాసినవి. కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల్లో ప్రజలు అప్పటికే రెండుగా చీలి ఉంటారు కాబట్టి, ఆ పాఠాలను ఉన్నవున్నట్టుగా తెచ్చి పెడితే పనిచేయవు. అందుకే ఈ మార్గదర్శిలోని ప్రతి మెట్టునూ ఆ ఒక్క ప్రశ్నను దృష్టిలో పెట్టుకొని రాశాను. నోటితో ‘మాకు ఏ పార్టీ లేదు’ అని చెప్పుకుంటే ఎవరూ నమ్మరు. సంఘం నడిచే తీరే ఆ ప్రశ్నకు జవాబు కావాలి.

ఇది అయ్యే పనేనా అని అనుమానించేవారు కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలోని కప్పట్రాళ్లను గుర్తు చేసుకోవచ్చు. 2008లో పలువురి ప్రాణాలు తీసిన ఫ్యాక్షన్ దాడితో రాష్ట్రమంతా ఆ ఊరి పేరు విన్నది. అదే కప్పట్రాళ్ల 2024 చివర్లో మరో కారణంతో వార్తల్లోకి వచ్చింది. అక్కడి అటవీ ప్రాంతంలో యురేనియం కోసం బోర్లు వేస్తారని తెలిసి, ఆ ఊరివారూ చుట్టుపక్కల ఊళ్లవారూ ఉత్త చేతులతో రోడ్డు మీదకు వచ్చి కూర్చున్నారు. ఆ పని చేపట్టబోమని అధికారులు ప్రకటించారు.

మొదటి మెట్టు: ఊరిని చదవడం

కనీసం ఒక నెల ఏ సభా పెట్టకండి, ఏ కరపత్రమూ పంచకండి. వినండి. ఏ బోరు ఎవరి పొలంలో ఉంది, ట్యాంకరు ఏ వీధిలో ముందు ఆగుతుంది, రేషను ఎవరి అరుగు మీద పంచుతారు, ఉపాధి పనుల్లో మేటు (కూలీల పని చూసేవాడు) ఎవరి మనిషి, ఊళ్లో ఎన్ని వినాయక మండపాలు పెడతారు, రెండు పెడితే ఎందుకు రెండు అయ్యాయి, ఏ ఇంటివాళ్లు ఏ ఇంటి పెళ్లికి వెళ్లరు, ఏ కేసు ఏ కోర్టులో ఎంతకాలంగా నడుస్తోంది అన్నవి తెలుసుకోండి. వీటిని ఒక నోటుపుస్తకంలో రాసుకోండి గాని, మనుషుల పేర్లు రాయకండి. ఆ పుస్తకం ఎవరి చేతికైనా చిక్కితే మీరు వర్గాల జాబితా తయారుచేస్తున్నారని అనుకుంటారు.

టీ హోటళ్ల విషయంలో ఒక మాట చెప్పాలి. చిన్న ఊళ్లోనైనా సాధారణంగా రెండు హోటళ్లు ఉంటాయి, ఒక్కోదానిలో ఒక్కో వర్గం కూర్చుంటుంది. నేను మొదట పనిచేసిన ఊళ్లో ఈ సంగతి తెలియక, రుచి బాగుందని వరుసగా వారం రోజులు ఒకే హోటల్లో టీ తాగాను. ఎనిమిదో రోజు బీసీ కాలనీలో ఒక అవ్వ, ‘నువ్వు పైవీధోళ్ల మనిషివంట గదా నాయనా’ అని నవ్వుతూ అడిగింది. ఆ ఒక్క పొరపాటును సరిదిద్దుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది. రెండు హోటళ్లలోనూ తాగండి, లేదా రెండింటిలోనూ తాగకండి.

ఊరి పటాన్ని కాగితం మీద మీరు గీయడంకంటే, బడి ఆవరణలో ఆడవాళ్లచేత ముగ్గుపిండితో గీయించడం మంచిది. నీళ్లకోసం రోజూ నడిచేది వాళ్లే కాబట్టి ఏ కొళాయి పనిచేస్తుందో, ఏ దారిలో ఎవరు నడవనివ్వరో వాళ్లకే తెలుస్తుంది. మాల, మాదిగ వాడల్లో ఇదే పని వేరుగా, వాళ్ల సొంత చోట చేయాలి. అందరినీ ఒకేచోట కూర్చోబెడితే, గొంతు పెద్దగా ఉన్నవాళ్ల పటమే ఊరి పటమని తేలుతుంది.

కాలాన్ని కూడా చదవాలి. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు ఊళ్లనుంచి చలికాలంలో కుటుంబాలకు కుటుంబాలు మిరప కోతలకు గుంటూరు వైపు వలసపోతాయి. అనంతపురం జిల్లా ఊళ్లనుంచి బెంగళూరు దారి పట్టేవారికి లెక్కలేదు. ఆ నెలల్లో సభ పెడితే ముసలివాళ్లూ పిల్లలూ తప్ప రారు. పంచాయతీ ఎన్నికలకు ఆరు నెలల ముందు కొత్త సంఘం మొదలుపెట్టకండి. అప్పుడు పుట్టిన ఏ సంఘమైనా ఎవరో అభ్యర్థి పుట్టించినదే అనుకుంటారు, చాలాసార్లు అది నిజం కూడాను.

రెండో మెట్టు: మొదటి సమస్యను ఎంచుకోవడం

మొదటి సమస్యకు నాలుగు గుణాలుండాలి. రెండు వర్గాల ఇళ్లూ దానివల్ల బాధపడుతుండాలి. దాన్ని తీర్చే అధికారం ఎవరి చేతిలో ఉందో ఆ కుర్చీ పేరు చెప్పగలగాలి. ఆరు నెలల్లో ఏదో ఒక ఫలితం కనపడే అవకాశం ఉండాలి. అది తీరితే ఒక్క మనిషికే పేరు రాకూడదు. తాగునీరు, బడిలో ఉపాధ్యాయుల కొరత, బస్సు, శ్మశానానికి దారి, ఆగిపోయిన కూలి డబ్బులు ఇలాంటివి. సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే ఉండే అనంతపురంలో నీటి సమస్యకు పార్టీ ఉండదు, ఉన్నా ఎండాకాలంలో మరిచిపోతారు.

కూలి డబ్బుల విషయంలో అనంతపురానికి ఒక చరిత్ర ఉంది. జాతీయ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న దేశంలో మొదట ప్రారంభమైంది నార్పల మండలంలోని బండ్లపల్లిలోనే. ఆ చట్టంతో వచ్చిన సామాజిక తనిఖీ మన ఊళ్లకు ఒక పద్ధతి నేర్పింది: మస్టరు రోలును (కూలీల హాజరు పట్టీని) అందరి ముందు పైకి చదవడం, పేరు వచ్చినవాళ్లు లేచి ‘నేను ఆ పని చేశాను’ అనో ‘చేయలేదు’ అనో చెప్పడం. చట్టాలు మారుతుంటాయి, కాబట్టి ఇప్పటి నిబంధనలేమిటో మండల కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. అయితే ప్రభుత్వ కాగితాన్ని ఊరి మధ్య పైకి చదవడం అనే ఆ పద్ధతిని ఏ పథకానికైనా వాడవచ్చు. అందులో ఎవరినీ తిట్టాల్సిన పని లేదు, కాగితమే మాట్లాడుతుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాన్ని దాటవేయకూడదు. ఊరందరి సమస్య కానివి, కొందరికి మాత్రమే జరిగే అన్యాయాలు ఉంటాయి. దళితులను ఒక దారిలో నడవనివ్వకపోవడం, గుడిలోకి రానివ్వకపోవడం, భూమి పట్టా ఒకరి పేర ఉంటే సాగు మరొకరు చేసుకోవడం వంటివి. వీటిని ఎత్తితే ‘ఊళ్లో శాంతిని చెడగొడుతున్నారు’ అని రెండు వర్గాల పెద్దలూ ఏకమవుతారు. ఫ్యాక్షన్ ఊళ్లో ఇద్దరూ కలిసేది ఇలాంటి చోటే. మొదటి సమస్యగా అందరిదీ ఎంచుకొమ్మని చెప్పింది సంఘానికి కాళ్లు నిలవడానికే గాని, అన్యాయాన్ని వాయిదా వేయడానికి కాదు. మీరు పనిచేస్తున్న సమయంలో ఊళ్లో కులం పేరుతో దాడి జరిగితే, నీళ్ల సంఘం చెదిరిపోయినా సరే, ఆ రోజే బాధితుల వెంట పోలీసు స్టేషనుకు వెళ్లాలి. అలా వెళ్లలేని సంఘం రెండు పార్టీలకూ దూరంగా ఉన్నట్టు కాదు, పెద్దవాళ్ల పార్టీలో ఉన్నట్టు.

మూడో మెట్టు: సంఘం, సొమ్ము, పద్దు

పది నుంచి పదిహేను మందికి మించని బృందంతో మొదలుపెట్టండి. ప్రతి వీధినుంచీ ఒకరుండాలి, సగం మంది ఆడవాళ్లుండాలి, సర్పంచి పదవికి పోటీచేసే ఆలోచన ఉన్నవాళ్లు ఉండకూడదు. తీవ్రమైన కేసుల్లో ముద్దాయిలుగా ఉన్నవారిని సభ్యులుగా తీసుకోవచ్చా అని నన్ను చాలామంది అడిగారు. తీసుకోవచ్చు, కానీ బాధ్యతల్లో పెట్టకండి. మారాలనుకునే మనిషికి తలుపు మూయకూడదు, అలాగని తాళంచెవి మొదటిరోజే చేతిలో పెట్టకూడదు.

ఆడవాళ్ల విషయంలో మనకు కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. కర్నూలు జిల్లా ఓర్వకల్లు మండలంలోని పొదుపు సంఘాలు, వారం వారం కూర్చోవడం, చర్చించింది పుస్తకంలో రాయడం, అప్పు ఇచ్చింది తీసుకున్నది అందరి ముందు లెక్క చెప్పడం అనే అలవాటు మీదనే మండలమంతా ఎదిగాయి. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దుకోవడానికి కూర్చున్న ఆడవాళ్లు సారా అంగడిని మూయించడంతో 1992లో మొదలైన ఉద్యమం సీమ జిల్లాలకూ పాకి, 1993 అక్టోబర్ 1న రాష్ట్రంలో సారా నిషేధానికి దారితీసింది. ఆ రెండింటిలోనూ ఒక సంగతి గమనించండి: పోరాటానికంటే ముందు కూర్చునే అలవాటు ఉంది. అప్పటికే నడుస్తున్న పొదుపు సంఘాన్ని మీ సంఘంగా మార్చే ప్రయత్నం చేయకండి, అప్పుల గొడవలన్నీ మీ మెడకు చుట్టుకుంటాయి. ఆ సంఘాల్లో మాటతీరు, నిలకడ ఉన్న ఆడవాళ్లను మాత్రం తప్పక పిలవండి.

ఇక సొమ్ము. ‘మీది ఏ పార్టీ?’ అన్న ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది. మీరు సభ పెడుతున్నారని తెలియగానే ఎవరో ఒక పెద్దమనిషి షామియానా పంపుతాడు, మరొకరు భోజనాలు పెడతామంటారు. మర్యాదగా, చేతులు జోడించి, రెండింటినీ తిప్పి పంపండి. ఇంటికి పది రూపాయల చొప్పున వసూలు చేసి, చెట్టుకింద కూర్చొని, మంచినీళ్లు మాత్రమే ఇచ్చి నడిపిన సభ, బిర్యానీ పెట్టిన సభకంటే ఎక్కువ రోజులు గుర్తుంటుంది. వచ్చిన ప్రతి రూపాయినీ, ఖర్చయిన ప్రతి రూపాయినీ నెలకొకసారి బడి గోడ మీదనో గ్రామ సచివాలయం ముందున్న బోర్డు మీదనో రాయండి. జమాఖర్చుల పుస్తకం ఒక వీధిలో, డబ్బు పెట్టె ఇంకో వీధిలో, దాని తాళంచెవి మూడో వీధిలో ఉండాలి. ఇది అతిగా అనిపించవచ్చు. కానీ మా ప్రాంతంలో సంఘాలు చీలినవి సిద్ధాంతాల దగ్గర కాదు, రసీదు పుస్తకాల దగ్గర.

నాలుగో మెట్టు: అహింసను అభ్యాసం చేయడం

అహింస ఒక మంచి ఉద్దేశం అని ఊరుకుంటే, మొదటి రాయి పడినప్పుడు ఆ ఉద్దేశం మాయమవుతుంది. దాన్ని కబడ్డీలాగా నేర్చుకోవాలి, రోజూ కాకపోయినా ప్రతి కార్యక్రమానికి ముందూ. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరాలో జనం పోలీసు స్టేషనును తగలబెట్టి పోలీసులను చంపినప్పుడు, దేశమంతా సాగుతున్న సహాయ నిరాకరణను గాంధీజీ నిలిపివేశారు. ఆ నిర్ణయం సరైనదా కాదా అన్నది ఇప్పటికీ వాదించుకుంటారు. కానీ ఎక్కడో ఒక ఊళ్లో కొద్దిమంది అదుపు తప్పితే మిగతా అందరి కష్టమూ ఎలా చేజారుతుందో అక్కడ చూడవచ్చు.

బడి ఆవరణలో రెండు వరుసలుగా నిలబడండి. ఒక వరుస ఊరేగింపు, మరొక వరుస దాన్ని అడ్డుకునేవాళ్లు. అడ్డుకునేవాళ్లు తిట్టాలి, తోయాలి, సెల్‌ఫోను లాక్కోవాలి, కులం పేరు తప్ప మిగతావన్నీ అనాలి. ఊరేగింపువాళ్లు చేతులు కలిపి పట్టుకొని కింద కూర్చోవడం, పక్కవాడిని వెనక్కి లాగడం, నినాదం ఆపి మౌనంగా ఉండటం నేర్చుకోవాలి. తర్వాత వరుసలు మార్చండి. ముఖ్యంగా ఒక వర్గం మనుషులను ఇంకో వర్గంవాళ్ల పక్కనే నిలబెట్టండి. మొదట నవ్వుతారు, తర్వాత సిగ్గుపడతారు, ఇరవై నిమిషాల తర్వాత నిజంగానే ఒకరినొకరు వెనక్కి లాగుతారు.

సీమ యువకులతో ఈ పని చేసేటప్పుడు ఎదురయ్యే అసలు కష్టం భయం కాదు, పరువు. తోస్తే తిరిగి తోయకపోవడం మగతనం కాదని వాళ్లకు చిన్నప్పటినుంచీ ఎవరూ నోటితో చెప్పకపోయినా చెప్పినట్టే. తెల్లచొక్కాలు, సుమోలు, తొడగొట్టడాలతో మన బతుకును తెరమీద వినోదంగా మార్చిన సినిమాలు ఆ పాఠాన్ని మరింత గట్టిపరిచాయి. వాళ్లతో వాదించి లాభం లేదు. ఫ్యాక్షన్‌లో భర్తనో కొడుకునో పోగొట్టుకున్న ఆడవాళ్లు ప్రతి మండలంలోనూ ఉన్నారు. వాళ్లలో ఇష్టపడి మాట్లాడేవారు ఉంటే, రెండు పక్కలనుంచీ ఒక్కొక్కరిని, మైకు లేకుండా, ఆ యువకుల మధ్య కూర్చోబెట్టండి. కేసు ఖర్చులకు ఎన్ని ఎకరాలు అమ్ముకున్నారో, పిల్లలు ఏ తరగతిలో బడి మానేశారో వాళ్లు చెబుతారు. దాన్ని వీడియో తీయకండి.

నియమాలు తక్కువగా, గట్టిగా ఉండాలి: కార్యక్రమం రోజు మందు తాగినవాడు ఇంటికే, చేతిలో కర్ర ఉండదు, జెండా కర్ర కూడా, ఎవరి ఇంటి ఆడవాళ్లనూ, ఎవరి కులాన్నీ తిట్టరాదు, ఎవరైనా రాయి విసిరితే అందరూ అక్కడే కూర్చోవాలి, రాయి విసిరినవాడు ఒంటరిగా నిలబడి కనిపించాలి. ఈ చివరి నియమం బయటివాళ్లు కావాలని దూరి గొడవ చేసే సందర్భంలో చాలా ఉపయోగపడుతుంది. ఇరవై మందికి ఒకరు చొప్పున చేతికి తెల్లగుడ్డ కట్టుకున్న కాపలాదారులుండాలి, వాళ్లు నినాదాలు ఇవ్వరు, మనుషులనే చూస్తుంటారు.

ఐదో మెట్టు: కాగితాలు

వీధిలోకి రాకముందే చేతిలో కాగితం ఉండాలి. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడగడానికి మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయంలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, అంతకు పై కార్యాలయాల్లో 10 రూపాయలు. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవారికి ఎక్కడా రుసుము లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతేనో, వచ్చింది సరిగా లేకపోతేనో 30 రోజుల్లోగా అదే కార్యాలయంలోని పై అధికారికి మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లోగా సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు చేయవచ్చు.

అడిగే పద్ధతిలోనే ఫలితం ఉంటుంది. ‘మా ఊరికి నీళ్లు ఎందుకు రావడం లేదు?’ అని రాస్తే అది సమాచారం కాదని తిప్పి పంపుతారు. ‘ఫలానా గ్రామ పంచాయతీకి ఏప్రిల్, మే నెలల్లో సరఫరా చేసిన ట్యాంకర్ల సంఖ్య, తేదీలు, చెల్లించిన బిల్లుల నకళ్లు, రవాణా రిజిస్టరు నకలు ఇవ్వగలరు’ అని రాస్తే తప్పించుకోవడం కష్టం. దరఖాస్తును ఒకరి పేరుతో వేయకండి అనే సలహా వింటుంటాం, కానీ చట్టం ప్రకారం అడిగేది ఒక పౌరుడే కాబట్టి పేరు ఉండక తప్పదు. అందుకే రెండు వర్గాలనుంచి ఒక్కొక్కరు, వేర్వేరుగా, ఒకే విషయం అడుగుతూ రెండు దరఖాస్తులు వేయండి. ఒక్కరినే బెదిరించి ఆపే దారి అప్పుడు మూసుకుపోతుంది.

సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చినప్పుడు నమోదు సంఖ్య ఉన్న రసీదు తీసుకోకుండా బయటికి రాకండి. ఇచ్చిన ప్రతి కాగితానికీ మూడు నకళ్లు పెట్టండి.

ఆరో మెట్టు: ఒత్తిడిని మెట్టుమెట్టుగా పెంచడం

మొదటిరోజే రోడ్డుమీద కూర్చుంటే రెండో రోజు చేయడానికి ఏమీ మిగలదు. అర్జీ, గ్రామసభ తీర్మానం, అధికారితో ముఖాముఖి, మండల కేంద్రానికి పాదయాత్ర, రిలే నిరాహార దీక్ష, ధర్నా అనే వరుసలో, ఒక్కోదానికీ మధ్య జవాబు ఇవ్వడానికి గడువు ఇస్తూ వెళ్లండి. గడువు తేదీని కాగితం మీద రాసి ఇవ్వండి. అధికారి ఆ తేదీలోపు పని చేస్తే, అదే బృందం వెళ్లి అందరి ముందు కృతజ్ఞత చెప్పాలి. చాలా సంఘాలు ఈ పని చేయవు. అందుకే తర్వాతిసారి అధికారికి వీళ్లకోసం పని చేయాలన్న ఆసక్తి ఉండదు.

ఈ వరుసలోకి రాని ఒక పద్ధతి ఉంది, నాకు అన్నిటికంటే అదే ఇష్టం: ప్రభుత్వం చేయాల్సిన పనిని జనమే మొదలుపెట్టి చూపడం. 2016 మే 31న సీమ నలుమూలలనుంచీ రైతులు కృష్ణానది మీద సిద్ధేశ్వరం దగ్గర అలుగు (నీళ్లు ఆపి, ఎక్కువైనవి పైనుంచి పొర్లిపోనిచ్చే అడ్డుకట్ట) కట్టాలని కోరుతూ, పోలీసులు దారుల్లో అడ్డుకున్నా చేరుకొని, తామే శంకుస్థాపన చేశారు. అలుగు కోరిక ఇంకా కోరికగానే ఉంది. కానీ నికర జలాలు (ఖాయంగా కేటాయించిన నీళ్లు), మిగులు జలాలు (ఆ కేటాయింపులు పోగా మిగిలేవి) అనే మాటలు అప్పటివరకు ఇంజనీర్ల నోట్లోనే ఉండేవి, ఆ తర్వాత మామూలు రైతు నోటికి వచ్చాయి. ఊరి స్థాయిలో దీనికి సాటి వచ్చేది శ్రమదానం. వంకలో పూడిక తీయడం, శ్మశానం దారిలో కంప కొట్టడం, రెండు వీధుల మనుషులూ ఒకే గంపకు చెరొక చేయి వేసి మట్టి మోయడం ఏ ఉపన్యాసంకంటే బలమైనది.

నిరాహార దీక్షల విషయంలో నాది గట్టి అభిప్రాయం. రిలే దీక్ష, ఒకరోజు దీక్ష మంచివి. ఆమరణ దీక్షను ఊరి సంఘం ఎన్నడూ చేపట్టకూడదు. పొట్టి శ్రీరాములు 58 రోజుల దీక్ష తర్వాత 1952 డిసెంబర్ 15న మరణించారు; ఆ వెంటనే జరిగిన అల్లర్లలో, కాల్పుల్లో మరికొందరు పోయారు; 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. మనం రాష్ట్రావతరణనే గుర్తుపెట్టుకొని, మధ్యలో పోయిన ఆ మనుషులను మరిచిపోతాం. కుళాయి కోసమో కూలి కోసమో ఎవరి ప్రాణాన్నీ పణంగా పెట్టే హక్కు సంఘానికి లేదు.

రోడ్డు దిగ్బంధం కూడా ఆలోచించి చేయాల్సిన పని. ఆయుధాలు లేకుండా శాంతియుతంగా గుమికూడే హక్కు రాజ్యాంగంలోని 19వ అధికరణ ఇచ్చింది, కానీ బహిరంగ రహదారులను నిరవధికంగా ఆక్రమించి కూర్చోవడం తగదని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అంబులెన్సుకు దారి ఇవ్వడానికి ఇద్దరు మనుషులను పెట్టకుండా రోడ్డు మీద కూర్చోకండి.

ఏడో మెట్టు: పోలీసులతో, కేసులతో

మన జిల్లాల్లో ‘30 యాక్టు అమల్లో ఉంది’ అన్నమాట తరచుగా వింటాం. అది 1861 పోలీసు చట్టంలోని 30వ సెక్షన్; ఊరేగింపులకు, సభలకు ముందుగా అనుమతి తీసుకోవాలని దాని సారాంశం. ఒకప్పుడు 144 అని పిలిచిన నిషేధాజ్ఞలు 2024 జులై 1నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 163వ సెక్షన్‌గా ఉన్నాయి. కార్యక్రమానికి కనీసం వారం ముందు సమయం, దారి, సుమారు ఎంతమంది వస్తారు, బాధ్యులెవరు అన్నవి రాసి స్టేషనులో ఇచ్చి, నకలు మీద సంతకం, ముద్ర తీసుకోండి. అనుమతి నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. సీఐతో మాట్లాడటానికి ఎప్పుడూ ఒకే ఇద్దరు వెళ్లాలి, వాళ్లలో ఒకరు ఒక వీధి, మరొకరు ఇంకో వీధి.

అదుపులోకి తీసుకుంటే 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి, బంధువుకు సమాచారం ఇవ్వాలి, అరెస్టు పత్రం రాయాలి. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు మహిళలను అసాధారణ పరిస్థితుల్లో తప్ప అరెస్టు చేయకూడదు, అప్పుడు కూడా మహిళా అధికారి ఉండాలి, మేజిస్ట్రేటు అనుమతి ముందే తీసుకోవాలి. ఈ నాలుగు ముక్కలూ చిన్న కార్డు మీద అచ్చువేసి అందరి జేబుల్లో పెట్టండి. దాని వెనక 15100 అని రాయండి, అది ఉచిత న్యాయసహాయం కోసం ఫోను నంబరు. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, దివ్యాంగులకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పనిలేకుండా 1987 చట్టం కింద ఉచితంగా న్యాయవాది దొరుకుతారు.

బైండోవర్ గురించి యువకులకు ముందే చెప్పాలి. సత్ప్రవర్తనకు పూచీకత్తు రాయించుకోవడం శిక్ష కాదు, కానీ ఆ కాగితం ఉద్యోగాల దగ్గర, పాస్‌పోర్టు దగ్గర ఇబ్బంది పెడుతుందన్న భయంతో చాలామంది సంఘాన్ని వదిలేస్తారు. వెళ్లినవాళ్లను పిరికివాళ్లని అనకండి. వాళ్లకు జమాఖర్చుల పుస్తకం రాసే పని ఇవ్వండి.

ఎనిమిదో మెట్టు: రాజీ ఎక్కడ, న్యాయం ఎక్కడ

సంఘానికి కాస్త పేరు రాగానే ఊళ్లో పాత కక్షలను తీర్చమని మీ దగ్గరికి వస్తారు. అది గౌరవం, అదే ఉచ్చు కూడా. రాజీ పడదగినవీ, పడకూడనివీ ముందే విడదీసుకోవాలి. గట్టు తగాదా, దారి తగాదా, బాకీ, రాజీకి చట్టం ఒప్పుకునే చిన్న కొట్లాట కేసులు ఉంటే ఇద్దరినీ ఒప్పించి లోక్ అదాలత్‌కు తీసుకెళ్లండి. అక్కడిచ్చే తీర్పు (దాన్ని అవార్డు అంటారు) కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు ఉండదు, కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది. హత్య, హత్యాయత్నం, అత్యాచారం, ఎస్సీ ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం కేసులు పెద్దమనుషుల పంచాయితీలో తెగేవి కావు. ‘అయిపోయిందేదో అయిపోయింది, సాక్ష్యం చెప్పకు’ అన్నమాటకు సంఘం వేదిక ఇస్తే, అది శాంతి పేరుతో నేరానికి కాపలా కాసినట్టే.

కేసు నడుస్తుండగా కూడా కక్షను చల్లార్చవచ్చు. కోర్టు పని కోర్టు చేస్తుంది. మిగిలిన మనుషులు మళ్లీ చచ్చిపోకుండా చూడటం మీ పని. మొదట రెండు కుటుంబాలతో వేర్వేరుగా, పలుమార్లు కూర్చోండి. ఎదురెదురుగా కూర్చోబెట్టడానికి తొందరపడకండి. కోరేది చిన్నదిగా ఉండాలి: పిల్లలు ఒకే ఆటోలో బడికి వెళ్లనివ్వడం, పంట కోతల సమయంలో దారి అడ్డుకోకపోవడం, చావుకు వచ్చినవారిని ఆపకపోవడం. ఇలాంటి చిన్న ఒప్పందం ఆరు నెలలు నిలిస్తే తర్వాతిది అడగండి. సాక్షులకు బెదిరింపులు వస్తే, 2018లో సుప్రీంకోర్టు ఆమోదించిన సాక్షుల రక్షణ పథకం కింద దరఖాస్తు చేయించండి. ఎస్సీ ఎస్టీ కేసుల్లో బాధితులకు, సాక్షులకు ఆ చట్టంలోని 15ఎ సెక్షన్ ప్రత్యేక రక్షణ ఇస్తుంది.

మతాల మధ్య ఉద్రిక్తత వచ్చినప్పుడు మనకు చేతికందే దూరంలోనే మంచి ఉదాహరణలున్నాయి. ఉగాది రోజున దేవుని కడప వెంకటేశ్వరుడిని ఆయన ముస్లిం భార్యగా జనం చెప్పుకునే బీబీ నాంచారమ్మ బంధుత్వంతో ముస్లింలు దర్శించుకుంటారు. నార్పల మండలం గూగూడులో కుళ్లాయిస్వామి పీర్లను హిందువులు ఎత్తుతారు. గొడవ జరిగిన రాత్రి ఈ కథలు చెబితే ఎవరూ వినరు. వినాయక నిమజ్జనానికి, పీర్ల పండుగకు నెల ముందే రెండు వైపులనుంచి ఐదుగురు చొప్పున కూర్చొని దారి, సమయం, డీజే శబ్దం గురించి రాసుకోవాలి. ఫోన్లలో వచ్చే పుకారును ఎవరు ఎవరికి ఫోను చేసి నిర్ధారించుకోవాలో కూడా అప్పుడే రాసుకోవాలి.

తొమ్మిదో మెట్టు: గెలిచిన మర్నాడు

ట్యాంకు కట్టించారు, నీళ్లు వచ్చాయి. ఆ రోజు సాయంత్రమే రెండు వర్గాల నాయకులూ ‘మేమే తెప్పించాం’ అని ఫ్లెక్సీలు కడతారు. కట్టనివ్వండి. వాటిని చించే ప్రయత్నం చేస్తే ఏడాది కష్టం ఒక్క రాత్రిలో పార్టీ గొడవగా మారుతుంది. మీరు చేయాల్సిందల్లా ట్యాంకు కింద మొదటి బిందె ఎవరు పట్టాలో ముందుగా నిర్ణయించుకోవడమే. మా ఊళ్లో ఆ పని చివరి వాడలోని అందరికంటే పెద్ద వయసు అవ్వ చేసింది.

వారం లోపల బృందం కూర్చొని, ఏ మెట్టు దగ్గర మనవాళ్లు జారారు, ఎవరు రాలేకపోయారు, ఎవరి మాట ఎవరూ వినలేదు అన్నవి రాసుకోవాలి. ఓడిపోయినా ఇదే పని, ఇంకా త్వరగా. డబ్బు పెట్టె తాళంచెవిని ఆ రోజే కొత్త వీధికి మార్చండి, పుస్తకాన్ని మరొకరికి అప్పగించండి, తర్వాతి గ్రామసభ తేదీ కనుక్కొని బోర్డు మీద రాయండి. ఆ బోర్డు దగ్గర ఎవరైనా కొత్తగా ఊరికి వచ్చిన ఉద్యోగి ఆగి, ‘ఇది ఏ పార్టీవాళ్లది?’ అని అడిగితే, జవాబు మీరు చెప్పకండి. పక్కన నిలబడినవాళ్లు ఏం చెబుతారో విని, పుస్తకంలో రాసుకోండి.